చుట్టూ చేపలు లేస్తున్నాయి, నా ఈగను మాత్రం ముట్టడం లేదు (ఆకురాలు కాలం, ట్రౌట్ నది)

ఖాళీబుట్ట
వరసగా రెండో శనివారం ఉత్త చేతులతో ఇంటికొచ్చాను. చేపలు లేకపోతే బాధ లేదు. ఉన్నాయి, కళ్ళ ముందే ఉన్నాయి. మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా మడుగు చివర ఒకటే వలయాలు. తక్కువలో తక్కువ పదిహేను చేపలు లేస్తున్నాయి. నేను వేసిన ప్రతి ఈగనూ, అంటే కొక్కేనికి ఈకలూ వెంట్రుకలూ కట్టిన నకిలీ పురుగునూ, పక్కనుంచి పోనిచ్చాయి. ఒకటైతే పైకొచ్చి, ముక్కు ఆనించి, వాసన చూసినట్టు చూసి వెనక్కి జారుకుంది. ఆ చూపు ఇంకా మర్చిపోలేకపోతున్నాను.

ఆ రోజు మబ్బు, సన్న తుంపర, గాలి లేదు. థర్మామీటర్ పెట్టి చూస్తే నీళ్ళు 10 డిగ్రీల సెల్సియస్. నది బాగా తగ్గింది, అద్దంలా ఉంది, అడుగున రాళ్ళు లెక్కపెట్టొచ్చు. ముందు 14 సైజు పారాషూట్ ఆడమ్స్ అనే ఈగ వేశాను. తర్వాత 12 సైజు ఎల్క్ హెయిర్ కాడిస్. ఆఖర్న కోపమొచ్చి 8 సైజు నారింజ రంగు అక్టోబర్ కాడిస్. లీడర్ (లావు దారానికీ ఈగకూ మధ్య కట్టే సన్నటి దారం) 9 అడుగులు, దాని చివర 4ఎక్స్ టిప్పెట్ (ఈగను కట్టే అతి సన్నటి కొస).

వేసవిలో ఇదే మడుగు, ఇవే ఈగలు, రోజుకు ఆరేడు చేపలు పడేవి. ఇప్పుడేమొచ్చింది వీటికి?

నీటిపిల్లి
అన్నీ రాశారు, అసలుది వదిలేశారు. నీళ్ళ మీద ఏ పురుగు ఉంది?

ఖాళీబుట్ట
పెద్దగా ఏమీ కనపడలేదండీ. ఒకటో రెండో బూడిద రంగు దోమల్లాంటివి ఎగిరిపోయాయి. వాటి కోసం పదిహేను చేపలు లేస్తాయంటే నమ్మబుద్ధి కాలేదు.

నీటిపిల్లి
మీరు నమ్మలేదు, అవి నమ్మాయి.

పురుగుల_పంతులు
ఖాళీబుట్ట గారూ, మీరు దోమలనుకున్నవి చాలావరకు బేటిస్ జాతి మేఫ్లైలు అయ్యుంటాయి. మనవాళ్ళు బ్లూ వింగ్డ్ ఆలివ్ అంటారు, పొట్టిగా బీడబ్ల్యూఓ. నీళ్ళ మీద కూర్చున్నప్పుడు రెక్కలు తెరచాపలా నిటారుగా పెట్టుకుంటుంది, వెనక రెండు పోగుల తోక. దోమ అలా కూర్చోదు. ఈసారి ఒకదాన్ని టోపీలో పట్టి చూడండి.

మబ్బు, తుంపర, 10 డిగ్రీల నీళ్ళు, మధ్యాహ్నం. ఇంతకన్నా మంచి ముహూర్తం వాటికి దొరకదు. తొలకరి పడగానే పుట్టలోంచి ఉసిళ్ళు లేస్తాయి చూడండి, ఇదీ అలాంటిదే, కాకపోతే నీళ్ళలోంచి. పిల్ల పురుగు, అంటే నిమ్ఫ్, అడుగున రాళ్ళ మీద పెరుగుతుంది. టైము రాగానే పైకి ఈదుతుంది. నీటి పైపొర దగ్గర ఆగి, వీపు చీల్చుకుని, రెక్కలతో బయటపడాలి. ఆ పొర మనకు ఏమీ కాదు గానీ అంత చిన్న ప్రాణికి అది గోడ. కొన్ని సగం ఒళ్ళు పొట్టులోనే ఇరుక్కుని కొట్టుకుపోతాయి. బయటపడ్డవి కూడా చల్లగా, తేమగా ఉన్న రోజున రెక్కలు సర్దుకుని ఎగరడానికి ఎక్కువసేపు తీసుకుంటాయి. పారిపోలేని తిండి వరసపెట్టి ముక్కు దగ్గరికే వస్తుంటే చేప ఇంకెక్కడికి పోతుంది?

ఇక సైజు. బేటిస్‌లకు ఏడాదికి ఒకటి కన్నా ఎక్కువ తరాలుంటాయి. వసంతంలో వచ్చేవి కాస్త పెద్దవి, 16, 18 సైజు కొక్కేనికి సరిపోతాయి. ఆకురాలు కాలంలో వచ్చేవి 20, ఒక్కోసారి 22. వాటి మధ్యలో మీ 14 ఆడమ్స్ దోనెల రేవులోకి ఓడ వచ్చినట్టుంటుంది. ఇక ఆ అక్టోబర్ కాడిస్ గురించి నేనేమీ అనను.

కొత్తగా_చేరాను
మధ్యలో అడుగుతున్నా, క్షమించాలి. 22 అంటే 14 కన్నా పెద్దది కదా? చిన్నదంటారేంటి?

చిన్నఈగ
తిరకాసు లెక్క తమ్ముడూ. అంకె పెరిగే కొద్దీ కొక్కెం చిన్నదవుతుంది. 22 సైజు ఈగ బియ్యపు గింజ కన్నా చిన్నది. నాకున్న చత్వారానికి దాని కంట్లో దారం ఎక్కించేసరికి పావుగంట, ఈలోగా చేపలు తినేసి చేతులు కడుక్కుంటాయి.

నీటిపిల్లి
అందుకే నేను ఇంట్లో దీపం కింద కూర్చుని అరడజను ఈగలకు టిప్పెట్ ముక్కలు కట్టేసి పట్టుకెళ్తాను. వేళ్ళు చలికి మొద్దుబారాక నది మధ్యలో ఆ ముడి వేయడం నా వల్ల కాదు.

వంకరకాస్టు
అందరూ ఈగ మీద పడ్డారు. నేను ఒప్పుకోను. ఆయన మొదటి పోస్టు మళ్ళీ చదవండి: లీడర్ 9 అడుగులు, 4ఎక్స్, అద్దంలాంటి నీళ్ళు. కథ అక్కడే అయిపోయింది.

వేసవి మొదట్లో నీళ్ళు ఉరకలేస్తుంటాయి, చేపకు ఆలోచించే టైముండదు, కనపడింది కనపడినట్టు మింగాలి. ఇప్పుడు నీళ్ళు నడుస్తున్నాయి. ఈగ అల్లంత దూరంలో ఉండగానే చూసి, వెనక్కి జరుగుతూ, పరీక్ష చేసి మరీ తింటుంది. ఆ పరీక్షలో పోయేది డ్రాగ్ దగ్గరే. దారం పడిన చోట నీళ్ళది ఒక వేగం, ఈగ కింద నీళ్ళది ఇంకో వేగం. దారం ముందుకు పోయి ఈగను లాగుతుంది. మన కంటికి ఆనదు, చేప కంటికి ఆనుతుంది. అసలు పురుగు నీటితో పాటు పోతుంటే మనది నీటికి అడ్డంగా జారుతుంది.

ముక్కు ఆనించి వెనక్కిపోయిన చేప చెప్పిన మాట అదే. ఈగ నచ్చకపోతే అంత దూరం పైకి వచ్చేదే కాదు. నచ్చింది, దగ్గరికొచ్చింది, సరిగ్గా అప్పుడే ఈగ కదిలింది. 12 అడుగుల లీడర్ పెట్టండి, 6ఎక్స్ కట్టండి, పక్కనుంచి కాకుండా ఎగువన నిలబడి దిగువకు వదలండి. ఈగ ముందు, దారం వెనక. ఆ 14 ఆడమ్స్‌నే తింటాయి, పందెం.

కొత్తగా_చేరాను
6ఎక్స్ అంటే లావా సన్నమా? ఇందాకటి దెబ్బకు భయమేస్తోంది.

చిన్నఈగ
ఇదీ తిరకాసే. 11 లోంచి ఆ అంకె తీసేస్తే మిగిలేది మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో. 4ఎక్స్ అయితే 7, 6ఎక్స్ అయితే 5. అంటే 6ఎక్స్ 0.127 మిల్లీమీటర్లు. అంకె పెరిగితే దారం సన్నం.

కొత్తగా_చేరాను
ఈ ఆటలో అన్నీ తలకిందులేనా?

నీటిపిల్లి
ఖర్చు ఒక్కటే కాదు. అది మామూలుగానే పెరుగుతుంది.

పురుగుల_పంతులు
వంకరకాస్టు గారి మాట సగం నిజం. దారం సన్నబడాలి, డ్రాగ్ పోవాలి, కాదనను. కానీ ఒకటి అడుగుతా. ఖాళీబుట్ట గారూ, చేప లేచినప్పుడు ఏం కనపడింది? తలా? వీపా? తర్వాత నీళ్ళ మీద బుడగ ఏమైనా మిగిలిందా?

ఖాళీబుట్ట
తల కనపడలేదు. వీపు, దాని మీది రెక్క మెల్లగా దొర్లి మునిగేవి. కొన్నిసార్లు తోక కొస కూడా. బుడగలా? గుర్తున్నంతవరకు లేవు. శబ్దం కూడా లేదు.

పురుగుల_పంతులు
ఇంకేం. అవి పైనున్న పురుగును తినడం లేదు. నీళ్ళ మీద కూర్చున్న పురుగును తింటే చేప నోరు పైకి వస్తుంది, పురుగుతో పాటు కాస్త గాలి కూడా మింగుతుంది, ఆ గాలి బుడగై తేలుతుంది. మీరు చెప్పిన దొర్లుడులో నోరు నీళ్ళలోనే ఉండిపోయింది. అంటే పైపొరకు అంగుళం కిందనో, పొరలో ఇరుక్కునో ఉన్న పురుగు. దాన్నే ఎమర్జర్ అంటాం. అలాంటప్పుడు నీళ్ళ మీద దర్జాగా తేలే ఆడమ్స్‌ను ఎంత ముద్దుగా వదిలినా చాలా చేపలు పట్టించుకోవు.

ఆర్‌ఎస్2 అనే ఎమర్జర్ ఈగ గానీ, సీడీసీ ఈక (బాతు తోక మొదట్లోని నీళ్ళంటని ఈక) కట్టిన చిన్న ఎమర్జర్ గానీ, 20 సైజు. అవి లేకపోతే 18 ఫెజెంట్ టెయిల్ నిమ్ఫ్. దానికి బరువు కట్టొద్దు, టిప్పెట్‌కు జిడ్డు రాసి, ఈగకు మాత్రం ఒక జానెడు పైదాకా రాయకుండా వదిలేస్తే పొర కిందే వేలాడుతూ పోతుంది. ఇంగ్లండ్‌లో ఏవన్ నది కాపలాదారు ఫ్రాంక్ సాయర్ ఆ ఈగను కట్టింది ఇలాంటి ఆలివ్ పిల్లలను చూసే. దారం కూడా వాడలేదు, సన్నటి రాగి తీగతోనే నెమలి జాతి ఈకను చుట్టేశాడు.

చిన్నఈగ
ఫెజెంట్ నెమలి జాతా పంతులు గారూ?

పురుగుల_పంతులు
ఒకే కుటుంబంలే. పురుగుల దగ్గర పట్టుకోండి నన్ను, పక్షుల దగ్గర కాదు.

వంకరకాస్టు
ఆడమ్స్‌ను అంత తేలిగ్గా తీసేయకండి. 1922లో మిషిగన్‌లో లెనర్డ్ హాలడే కట్టిన దగ్గర్నుంచి ఈ రోజు దాకా అది ఏ పురుగులానూ ఉండదు, అన్ని పురుగుల్లానూ ఉంటుంది. మొన్న అక్టోబర్‌లో ఇదే బేటిస్ హ్యాచ్‌లో (పురుగులు గుంపుగా నీళ్ళలోంచి లేచే వేళ) 16 ఆడమ్స్‌కు నాలుగు పట్టాను.

పురుగుల_పంతులు
16 అన్నారు. 14 కాదు. మీరూ దిగొచ్చారు.

వంకరకాస్టు
పెట్టెలో 14 అయిపోయాయి, అంతే.

ఆకులరాయుడు
నేను నిన్న పదకొండు పట్టాను. పదకొండూ ఆకులే. ఒకటైతే భలే పోట్లాడింది, చినారు ఆకంత ఉంది.

నీటిపిల్లి
ఫొటో తీసి నీళ్ళలో వదిలేశారా?

ఆకులరాయుడు
చేతులు తడిపి మరీ వదిలాను.

కాడిస్_వీరుడు
అక్టోబర్ కాడిస్‌ను ఎగతాళి చేసినవాళ్ళ కోసం ఒక మాట. తప్పు ఈగది కాదు, టైముది. ఉత్తర అమెరికా పడమటి నదుల్లో సెప్టెంబర్, అక్టోబర్ వచ్చిందంటే ఆ పురుగే పెద్దది. లార్వాగా ఉన్నప్పుడు గులకరాళ్ళ ముక్కలతో గూడు కట్టుకుని తిరుగుతుంది. ప్యూపా అయ్యాక చాలావరకు గట్టు వైపు పాకుతూ వచ్చి రాళ్ళ మీదకెక్కి రెక్కలు తొడుగుతుంది. అందుకే నది మధ్యలో హ్యాచ్ కనపడదు. గట్టున రాళ్ళకు అంటుకున్న ఖాళీ పొట్టులు వెతకండి. కనపడితే సాయంత్రం, గుడ్లు పెట్టడానికి నీళ్ళ మీదికి వచ్చే వేళ, గట్టు పక్కనే చెట్ల నీడలో ఆ 8 సైజు వదలండి. మధ్యాహ్నం బేటిస్ తింటున్న చేప ముందు పడేస్తే మాత్రం అది బెదిరిపోయి పక్క మడుగుకు పోతుంది.

ఖాళీబుట్ట
మా నదిలో ఆ పురుగు ఉందో లేదో కూడా తెలీదండీ. బొమ్మ బాగుందని కొన్నాను.

కాడిస్_వీరుడు
అందరం అలాగే కొన్నాం.

పొద్దున్నే_రెడీ
నా సమస్య వేరే. నేను ఆరింటికల్లా నీళ్ళలో ఉంటాను. పదింటికి ఒళ్ళు గడ్డకట్టి ఇంటికి పోతాను. ఒక్క వలయం కనపడదు. మీ అందరికీ హ్యాచ్‌లు ఎక్కడ దొరుకుతున్నాయి?

నీటిపిల్లి
మీరు కారెక్కిన రెండు గంటల తర్వాత.

పురుగుల_పంతులు
నిజమే. వేసవి అలవాటు ఇప్పుడు పనికిరాదు. వేసవిలో మధ్యాహ్నం నీళ్ళు వేడెక్కుతాయి కాబట్టి పొద్దున్నే, సాయంత్రమే మంచి వేళలు. నీళ్ళు 20 డిగ్రీలు దాటితే ట్రౌట్‌ను అసలు ముట్టుకోకూడదు, వదిలేసినా బతకకపోవచ్చు. ఇప్పుడు తలకిందులు. రాత్రి చలికి నీళ్ళు ఆరేడు డిగ్రీలకు పడతాయి, మధ్యాహ్నానికి రెండు మూడు డిగ్రీలు ఎక్కుతాయి. ఆ ఎక్కే వేళకే పురుగూ కదులుతుంది, చేపా కదులుతుంది. పన్నెండు నుంచి మూడున్నర దాకా ఉంటే చాలు. హాయిగా నిద్రపోయి రండి.

ఒక్క మినహాయింపు ట్రైకోలు అనే బుల్లి మేఫ్లైలు. నల్ల ఒళ్ళు, తెల్ల రెక్కలు, బేటిస్ కన్నా చిన్నవి. వేసవి చివర్లో మొదలై గట్టి మంచు పడే దాకా పొద్దునపూట నీళ్ళ పైన గుంపుగా ఎగిరి, గుడ్లు పెట్టి, రెక్కలు చాపుకుని చచ్చి నీళ్ళ మీద పడతాయి. సెప్టెంబర్‌లో అయితే మీ పొద్దుటి అలవాటు పనికొచ్చేది.

పొద్దున్నే_రెడీ
నిద్రపోయి రమ్మని చెప్పిన మొదటి గాలం సలహా ఇదే. ప్రింటు తీసి ఫ్రిజ్ మీద పెడతా.

దక్షిణాన_ఒకడు
మీరు సెప్టెంబర్ అక్టోబర్ అంటుంటే నవ్వొస్తోంది. భూమికి ఈ చివర మాకు ఆకులు రాలేది మార్చి, ఏప్రిల్‌లో. ఇప్పుడు వసంతం, నది పొంగి కాఫీ రంగులో ఉంది. ఈ చర్చ ఆరు నెలలు దాచుకుని చదువుకుంటా.

పెద్దచేప
ఇరవై సైజు, ఇరవై రెండు సైజు, భూతద్దాలు, జిడ్డు రాయడం. ఎందుకండీ ఈ కుస్తీ? ఇది బ్రౌన్ ట్రౌట్ గుడ్లు పెట్టే కాలం. పెద్ద మగవి కోపం మీదుంటాయి, దారికి అడ్డొచ్చిన దేన్నయినా కొడతాయి. నాలుగంగుళాల స్ట్రీమర్ (చిన్న చేపలా కనపడే ఈగ) కట్టి, వేసి లాగండి. నిరుడు ఈ రోజుల్లోనే లోతు తక్కువ గులకరాళ్ళ చోట నిలబడి ఉన్న జంటను చూశాను. మూడో కాస్టుకే (విసురుకే) మగది కొట్టింది. రెండడుగులకు దగ్గర.

గులకరాయి
లోతు తక్కువ గులకరాళ్ళ చోట నిలబడ్డ జంట. ఆ మాట మళ్ళీ ఒకసారి చదువుకోండి. అది వేట కాదు, పురిటి గదిలోకి వెళ్ళడం.

పెద్దచేప
పట్టి వదిలేశానండీ. చంపలేదు.

గులకరాయి
చంపలేదని తెలుసు. విషయం అది కాదు. ఆడది తోకతో గులకరాళ్ళు ఊడ్చి గుంట చేస్తుంది. అందులో గుడ్లు పెడుతుంది, మగది పాలలాంటి వీర్యం వదులుతుంది, ఆడది మళ్ళీ ఎగువనున్న రాళ్ళను తవ్వి వాటి మీద కప్పుతుంది. ఆ రాళ్ళ సందుల్లోంచి చల్లటి నీళ్ళు పారుతూ గుడ్లకు ఆక్సిజన్ అందిస్తాయి. ఆ పని మధ్యలో మగదాన్ని మీరు పది నిమిషాలు ఈడ్చి అలసిపోగొట్టారు. మీరు లాగినప్పుడు ఎక్కడ నిలబడ్డారు? ఆ గుంట దిగువనే కదా? అక్కడ నిన్న పెట్టిన గుడ్లు ఉండి ఉంటే మీ బూటు కింద పోయినట్టే. చలికాలమంతా గుడ్లు అక్కడే ఉంటాయి. పొదిగాక కూడా పిల్లలు కొన్ని వారాలు రాళ్ళ కిందే దాక్కుంటాయి.

గుర్తుపట్టడం కష్టం కాదు. చుట్టూ రాళ్ళు నాచు పట్టి గోధుమ రంగులో ఉంటాయి, మధ్యలో ఒక చాపంత చోటు తోమిన గిన్నెలా మెరుస్తుంది. ఎగువ వైపు గుంట, దిగువ వైపు మెట్ట. ఆ మెట్టలోనే గుడ్లుంటాయి. అది కనపడితే గాలమూ వేయొద్దు, అడుగూ వేయొద్దు.

పెద్దచేప
అందరూ చేసేదే నేనూ చేశాను. ఆ లెక్కన ఈ కాలంలో నదికే పోకూడదు.

నీటిపిల్లి
అలా ఎవరన్నారు? స్ట్రీమర్ వేయండి, లోతు మడుగుల్లో, పడిపోయిన చెట్ల కింద, ఇంకా గుడ్ల చోటికి చేరని చేపలకు వేయండి. నేనూ వేస్తాను. జంట కట్టి నిలబడ్డవాటిని వదిలేయండి, అంతే తేడా. అసలు చాలా నదుల్లో ఈ కాలంలో కొన్ని భాగాలు మూసేస్తారు, పర్మిట్ మీద తేదీలుంటాయి.

కొత్తగా_చేరాను
అన్ని ట్రౌట్‌లూ ఇప్పుడే గుడ్లు పెడతాయా?

గులకరాయి
లేదు. బ్రౌన్, బ్రూక్ ఇప్పుడు. రెయిన్‌బో, కట్‌త్రోట్ మామూలుగా వసంతంలో. రెయిన్‌బోలు ఇప్పుడు బ్రౌన్ల వెనక చేరి కొట్టుకొచ్చిన గుడ్లు తింటుంటాయి. అందుకే గుడ్డు ఆకారం ఈగలు కట్టేవాళ్ళున్నారు. దాని మీద ఇంకో గొడవ ఉంది, ఇప్పుడు మొదలుపెట్టను.

పెద్దచేప
మెట్ట సంగతి నాకు తెలీదు. ఎగువ గుంట ఒక్కటే గూడు అనుకున్నాను, దాని మీద అడుగు పడకుండా చూసుకునేవాణ్ణి. దిగువనే నిలబడ్డాను. సరే.

డ్యాం_కింద
మాది జలాశయం కింద నది, మా గోల ఇంకో రకం. వేసవంతా అడుగు నుంచి చల్లటి నీళ్ళు వదులుతారు, అద్దంలా ఉంటాయి. ఈ కాలంలో చెరువు పైనీళ్ళు చల్లబడి బరువెక్కి కిందకు దిగుతాయి, కింది నీళ్ళు పైకొస్తాయి, మొత్తం కలిసిపోతుంది. రెండు మూడు వారాలు నదిలో నీళ్ళు పచ్చగా, మసగ్గా, నాచు ముక్కలతో వస్తాయి. హ్యాచ్ ఉన్నా చేపకు కనపడదు. ఆ రోజుల్లో నేను లావు దారం కట్టి కిందే లాగుతాను, 6ఎక్స్ గొడవే ఉండదు.

బ్రిటన్_బాబాయ్
పంతులు గారు బ్లూ వింగ్డ్ ఆలివ్ అన్నారు, ఇక్కడి పాఠకులు తికమక పడొద్దు. బ్రిటన్‌లో ఆ పేరు వేరే పురుగుది, మూడు తోకలుంటాయి, వేసవి సాయంత్రాలది. మీరు చెప్పే బేటిస్‌లకు దగ్గరి బంధువును మేం లార్జ్ డార్క్ ఆలివ్ అంటాం. పేరు ఒకటే చూసి ఈగ కొంటే మళ్ళీ ఖాళీ బుట్టే.

పురుగుల_పంతులు
మంచి మాట బాబాయ్. అందుకే తోకలు లెక్కపెట్టమంటాను.

వంకరకాస్టు
తోకలు లెక్కపెట్టే టైములో నాలుగు కాస్టులు వేయొచ్చు. ఇంకో విషయం ఎవరూ చెప్పలేదు. చేపకు బయటి లోకం ఒక గుండ్రటి కిటికీలోంచే కనపడుతుంది, దాదాపు 97 డిగ్రీల కోణం. చేప లోతుగా ఉంటే ఆ కిటికీ పెద్దది, పైకొస్తే చిన్నది. పైపొరలో తింటున్న చేప అరడుగు లోతున ఉంటుంది కాబట్టి దాని కిటికీ ఒక పళ్ళెం కన్నా కాస్త పెద్దది. ఈగ అరగజం పక్కకు పోతే అది చూడను కూడా చూడదు, మనం మాత్రం తిరస్కరించిందని ఏడుస్తాం. ఒక చేపను ఎంచుకోండి, దాని ముక్కు ముందు మూడడుగుల దూరంలో, అదే గీత మీద వదలండి. గుంపు మీదికి వేస్తే ఎవరికీ వేయనట్టే.

ఖాళీబుట్ట
ఇది మాత్రం నాకు సూటిగా తగిలింది. పదిహేను లేస్తుంటే పదిహేనింటికీ వేశాను.

శనివారం మళ్ళీ మబ్బు అంటున్నారు. 20 సైజు ఎమర్జర్లు ఆరు తెప్పించాను. లీడర్ మార్చాను. ఎల్లుండి రాస్తా.

ఆకులరాయుడు
చీపురు కూడా పట్టుకెళ్ళండి.

ఖాళీబుట్ట
వెళ్ళొచ్చాను. ముందు నిజం చెప్తా, చేప ఒక్కటే. కానీ ఆ ఒక్కటి ఎలా పడిందో చెప్పాలి.

పదకొండున్నరకు చేరాను. నీళ్ళు 9 డిగ్రీలు. నదిలో దిగకుండా గట్టునే కూర్చున్నాను, ఇది మునుపెన్నడూ చేయలేదు. పన్నెండు ముప్పావుకు మొదటి పురుగు కనపడింది. టోపీలో పట్టాను పంతులు గారూ. తెరచాప రెక్కలు, రెండు తోకలు, గోరు మీద పెడితే గోరంత కూడా లేదు. ఒకటింటికి నురగ గీత పొడుగునా అవే. మీరన్నట్టు కొన్ని సగం పొట్టులో ఇరుక్కుని గిలగిల్లాడుతున్నాయి, అవి వెళ్ళినచోటల్లా ఒక వీపు దొర్లుతోంది.

గట్టు వారగా ఎగువకు చుట్టి వెళ్ళాను. మధ్యలో గులకరాయి గారు చెప్పిన తోమిన గిన్నె కనపడింది. ఇన్నేళ్ళుగా నేను నది దాటేది దాని పక్కనే. ఈసారి గట్టెక్కి తిరిగి వెళ్ళాను.

ఒకే చేపను ఎంచుకున్నాను. మునిగిన కర్ర పక్కన, పది పన్నెండు సెకన్లకొకసారి లేస్తోంది. 12 అడుగుల లీడర్, 6ఎక్స్, 20 ఎమర్జర్. మొదటిది పొట్టిగా పడింది. రెండోది గీత మీదే పోయింది, పట్టించుకోలేదు. మూడోదానికి ఆకు తగిలింది (రాయుడు గారూ, మీ శాపమే). ఎనిమిదో తొమ్మిదో కాస్టు అనుకుంటా, ఈగ నాకు కనపడలేదు గానీ అది ఉండాల్సిన చోట వీపు దొర్లింది. ఊరికే గాలం కర్ర ఎత్తాను. బ్రౌన్, పదమూడంగుళాలు, వెన్న రంగు పొట్ట, ఎర్ర చుక్కలు. ముల్లు లేని కొక్కెం కాబట్టి నీళ్ళలోనే ఉంచి తీసేశాను. నా చేతులు వణికాయి, చలికి కాదు.

తర్వాత ఇంకోటి తగిలి 6ఎక్స్ తెంపుకుపోయింది. తప్పు నాదే, వేసవిలో లాగినట్టు లాగాను. రెండున్నరకు ఎండొచ్చింది, మొత్తం ఆగిపోయింది, ఎవరో స్విచ్ నొక్కినట్టు.

పురుగుల_పంతులు
చూశారా. ఎమర్జర్.

వంకరకాస్టు
చూశారా. 6ఎక్స్, ఎగువ నుంచి, ఒకే చేపకు.

చిన్నఈగ
రెండూ ఒకేసారి మార్చేశాడు మహానుభావుడు. ఇప్పుడు వీళ్ళిద్దరూ చలికాలమంతా కొట్టుకుంటారు.

గులకరాయి
గట్టెక్కి తిరిగి వెళ్ళారు చూడండి, నాకు అది చాలు.

ఖాళీబుట్ట
సరే, తేల్చేద్దాం. వచ్చే శనివారం అదే కర్ర పక్కన అదే లీడర్, అదే 6ఎక్స్, కొసన మళ్ళీ 14 ఆడమ్స్. ముట్టుకుంటే వంకరకాస్టు గారు గెలిచినట్టు, ముట్టుకోకపోతే పంతులు గారు.

పురుగుల_పంతులు
ఒప్పుకున్నా. కానీ మబ్బు ఉండాలి.

వంకరకాస్టు
ఒప్పుకున్నా. కానీ డ్రాగ్ ఉండకూడదు.

నీటిపిల్లి
శనివారం ఎండట. గాలి కూడా.

ఆకులరాయుడు
అయితే నా రోజు.